మూడంగుళాల సెలవు

మొన్న జనవరిలో ఆఫీసు నుంచి అందరికీ ఒక మెసేజ్ వచ్చింది. రేపు మంచు పడే సూచన ఉంది కాబట్టి ఎవరూ ఆఫీసుకి రానక్కర్లేదట. ల్యాప్‌టాప్ మాత్రం మర్చిపోకుండా ఇంటికి తీసుకెళ్లాలట. చదవగానే నాకు ఇద్దరి మీద కోపం వచ్చింది. మొదట ఆ మెసేజ్ రాసినవాళ్ల మీద. సెలవు ఇచ్చినట్టే ఇచ్చి చంకలో పని పెట్టి పంపడం ఏం మర్యాద? తర్వాత, మూడు నెలల క్రితం చనిపోయిన ఒక పెద్దాయన మీద. ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఆఫీసంతా వినపడేలా నవ్వాల్సిన మనిషి, ఆ నవ్వే పని ఎవరికీ అప్పజెప్పకుండా వెళ్లిపోయారు.

ఆయన మా టీమ్ లీడ్‌గా ఉండేవారు. పేరు రాయను. పేరు రాస్తే నివాళి అనుకుంటారు. నా దగ్గరున్నవి ఫిర్యాదులు. పోయినవాళ్లు పోగానే మంచివాళ్లయిపోయే వసతి నా జ్ఞాపకంలో లేదు. నాకు జరిగినవన్నీ గుర్తుంటాయి, ఏ వరసలో జరిగాయో ఆ వరసలోనే గుర్తుంటాయి.

మేముండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో. మందుల కంపెనీలకు రిపోర్టులు తయారుచేసే ఆఫీసు మాది. నేను చేరిన మొదటి వారంలోనే తొమ్మిదిమంది ముందు ఒక ప్రెజెంటేషన్ ఇచ్చాను. రెండు రాత్రులు కూర్చుని చేసినది. అందరూ బాగుందన్నారు. ఆయన కూడా బాగుందనే అన్నారు, కానీ అక్కడితో ఆగలేదు. "చాలా బాగుందమ్మా. ఇందులో విషయం ఎన్నో స్లైడ్‌లో ఉంది?" అన్నారు. ఆ గదిలో తెలుగు అర్థమయ్యేది మా ఇద్దరికే. అయినా నాకు తొమ్మిదిమందీ నవ్వినట్టే అనిపించింది.

రెండోది పిలుపు. ఆయనది తెనాలి వైపు, నాది కరీంనగర్. అక్కడివాళ్లు పని చెప్పేటప్పుడు ఆడవాళ్లందరినీ అమ్మాయ్ అంటారేమో, నాకు తెలియదు. నేను మాత్రం ఊరుకోలేదు.

"అమ్మాయ్, ఆ ఫైల్ ఒకసారి పంపు."

"నేను అమ్మాయిని కాదండి. సీనియర్ అనలిస్టును. ఒక బిడ్డ తల్లిని."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నావైపు గౌరవంగా చూశారు. "తప్పయిపోయిందమ్మా. సీనియర్ అమ్మాయ్, ఆ ఫైల్ ఒకసారి పంపు."

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను సీనియర్ అమ్మాయినే. ఉత్తర భారతం వాళ్లు, చైనావాళ్లు, అమెరికన్లు కూడా అది నా హోదా అనుకుని అలాగే పిలవడం మొదలుపెట్టారు.

మూడోది సర్వపిండి. ఆఫీసులో ఎవరింటి వంట వాళ్లు తెచ్చే రోజున నేను సర్వపిండి చేసి తీసుకెళ్లాను. ఆయన ఒక ముక్క చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి, "ఇది గిన్నె అడుగున మర్చిపోయిన రొట్టె కదా" అన్నారు. అని, ఆరు ముక్కలు తిన్నారు. తిన్నది నేను లెక్కపెట్టకపోదును, ఆ మాట అనకపోతే.

ఇలాంటి మనిషి గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి మంచు వైపే పోతోంది. ఎందుకంటే మంచు సంగతి వచ్చేసరికి ఆయన వేరే మనిషి.

మాది మంచు ఊరు కాదు. ఏడాదికి ఒక్కసారి పడితే పడినట్టు, కొన్నేళ్లు అసలు పడదు. అందుకే టీవీలో 'పడవచ్చు' అన్న మాట వినపడగానే ఊరికి ఊరే గ్రాసరీ స్టోర్ మీద పడుతుంది. పాల డబ్బాలు, బ్రెడ్డు గంటలో మాయం. "ఈ ఊళ్లో మంచుదేవుడికి నైవేద్యం పాలూ బ్రెడ్డూనమ్మా" అనేవారు ఆయన. తను మాత్రం స్టోర్ ఛాయలకు కూడా వెళ్లేవారు కాదు. ఇంట్లో పెసలు నానబెట్టించేవారు. మంచు పడే రోజు పొద్దున పెసరట్టు తినాలి, అది ఆయన నియమం. పెసలు ముందురోజు సాయంత్రమే నానాలి కాబట్టి, వాతావరణ సూచన మీద నమ్మకం ఉన్నవాడే తినగలడు. "నమ్మకం లేనివాళ్లకి బ్రెడ్డుంది" అనేవారు.

ఇక్కడికి రాకముందు పదకొండేళ్లు ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పైన ఎక్కడో సరస్సుల పక్కన ఉన్నారట. తెల్లవారకముందే లేచి, కారెక్కడుందో వెతుక్కుని, దాన్ని తవ్వి తీసి ఆఫీసుకి వెళ్లిన రోజులు. "అక్కడ మంచు ఉద్యోగం. ఇక్కడ మంచు సెలవు" అని తేల్చేశారు. ఆ పదకొండేళ్లూ వాడిన మంచు పారను క్యారీకి తెచ్చుకున్నారు గానీ వాడలేదు. గ్యారేజీ గోడకు తగిలించి, "దీనికి పెన్షన్ ఇచ్చాను" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు.

సూచన వచ్చిన సాయంత్రం ఆఫీసులో ఒక తంతు నడిచేది. అందరూ ల్యాప్‌టాప్‌లు బ్యాగుల్లో సర్దుకుంటుంటే, ఆయన లేచి పార్కింగ్‌లోకి వెళ్లి, తల పైకెత్తి, ముక్కుతో గాలి పీల్చి వచ్చేవారు. వచ్చి తన ల్యాప్‌టాప్‌ని డెస్కు సొరుగులో పెట్టి, తాళం వేసి, ఆ తాళంచెవిని అందరూ చూస్తుండగా పెన్నుల గ్లాసులో టంగుమని వేసేవారు. మా ఆఫీసు పద్ధతి ఏమిటంటే, రోడ్లు మూసేసినప్పుడు ల్యాప్‌టాప్ చేతిలో ఉన్నవాడికి పని, లేనివాడికి సెలవు. అది అందరికీ తెలుసు. వాడుకునేది ఆయనొక్కరే.

"ఉద్యోగం పోతుందని భయం లేదా మీకు?" అని ఒకసారి అడిగాను.

"ఇన్నేళ్లలో ఎన్నిసార్లు పడిందమ్మా? ఆ నాలుగు రోజులకే ఉద్యోగం పోయేటట్టయితే, అది ఆ ముందురోజే పోయిందన్నమాట."

ఇంకొకటుంది. మంచు పడిన రోజు పొద్దున సరిగ్గా ఆరింటికి ఫోన్. హలో ఉండదు, ఎలా ఉన్నావని ఉండదు. "పడింది" అని ఒక్క మాట. టక్కున పెట్టేస్తారు. టీమ్‌లో అందరికీ ఇదే. అమెరికన్లకు కూడా ఆ ఒక్క తెలుగు మాటే. సూచన తప్పి, పొద్దున ఎండకాస్తే? అప్పుడూ ఆరింటికే ఫోన్. "పడలేదు." టక్. ఒక ఏడాది ఊరంతా ముందే మూసేశాక మంచు రానే లేదు. ఆఫీసు తెరిచారు. ఆయన బూట్లు, పెద్ద కోటు, మంకీ క్యాప్ వేసుకుని పొడిగడ్డి మీద నిలబడి నాకు ఫోన్ చేశారు. "పడలేదు" అన్న ఆ గొంతు విని, ఇంట్లో ఏదో అశుభం జరిగిందనుకున్నాను. సెలవు రోజున ఆరింటికి లేపడం ఒక తప్పు. సెలవు లేదని చెప్పడానికి ఆరింటికి లేపడం ఇంకా పెద్ద తప్పు. నేను రెండూ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నాలుగేళ్ల క్రితం మాట. మా అన్వికి అప్పుడు ఏడేళ్లు. పుట్టింది ఇక్కడే, కానీ ఊహ తెలిశాక మంచు చూడలేదు. పడిన ఒక్కసారీ అది చంటిపిల్ల. పుస్తకాల్లో చూసి, సినిమాల్లో చూసి, మిషిగన్‌లో ఉన్న చుట్టాల పిల్లల ఫోటోలు చూసి, మన ఊళ్లో దేవుడికి ఇళ్ల అడ్రసులు తెలియవేమో అని అడిగేది.

ఆ జనవరిలో సూచన గట్టిగా వచ్చింది. సరిగ్గా ఆ మరునాడే పదకొండింటికి మినియాపొలిస్‌లో ఉన్న క్లయింట్‌కి నేను ఆరునెలలుగా చేసిన రిపోర్టు చూపించాలి. ఆయన జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఎవరికివ్వాలో పైవాళ్లు చూస్తున్నారు. ఆ కాల్‌లో వాళ్లూ ఉంటారు. నన్నెవరూ తోసిపుచ్చలేనట్టు చేసి చూపించాలని నా పట్టుదల. మా ఆయన ఆ వారమంతా డల్లాస్‌లో. ఇంట్లో నేనూ పాపా.

ఆ సాయంత్రం నేను ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టాను. చార్జర్ తీగ చుట్టి బ్యాగు పక్క జేబులో పెట్టాను. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను. తర్వాత కాఫీ కప్పు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన నా డెస్కు పక్కన నిలబడి కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. ఆయన డెస్కుకీ కిటికీ ఉంది. నా కిటికీ ఎందుకు?

"గాలి వాసన చూశావా, సీనియర్ అమ్మాయ్?"

"నాకు జలుబండి."

"రేపు తగ్గుద్దిలే" అని వెళ్లిపోయారు.

పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. "పడింది."

తిట్టుకుంటూ మళ్లీ ముసుగుతన్ని, వెలుతురు వచ్చాక తెర తీశాను. తీసి అలాగే నిలబడిపోయాను. మా వీధి లేదు. ఇళ్ల ముందు గడ్డికీ రోడ్డుకీ మధ్య గీత చెరిగిపోయింది. పైన్ చెట్లు కొమ్మలు కిందికి వాల్చుకుని, ఎవరో వచ్చి లేపేదాకా లేవమన్నట్టు ఉన్నాయి. ఎదురింటి పోస్టు డబ్బా మీద ఎర్రపిట్ట ఒకటి కూర్చుని, కదలాలా వద్దా అని ఆలోచిస్తోంది. చప్పుడు లేదు. రోజూ వినపడే హైవే హోరు కూడా లేదు.

వెనకనుంచి అన్వి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, "అమ్మా, ఇది మనదేనా?" అంది.

పది నిమిషాల్లో తయారైంది. చేతులకు గ్లవ్స్ లేవు, వాళ్ల నాన్న సాక్సులు తొడుక్కుంది. బూట్ల మీద బ్రెడ్డు కవర్లు కట్టుకుంది. తలుపు దగ్గర నిలబడింది.

"మీటింగ్ అయినంక పోదాం బిడ్డా. పన్నెండింటికి."

"పన్నెండుకి ఉంటుందా?"

"ఉంటది."

"అమ్మా, సన్ వచ్చింది. స్నో వెయిట్ చేయదు."

అది నిజమే. మా ఊరి మంచు మధ్యాహ్నం దాకా నిలవదు. నిలిచినా బురద కలిసి మజ్జిగ పులుసులా అవుతుంది. కానీ పదకొండింటికి నా ఆరునెలలు ఉన్నాయి. పాపకు పాలల్లో సీరియల్ వేసి పెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. బ్యాటరీ పావువంతు కూడా లేదు. చార్జర్ కోసం పక్క జేబులో చెయ్యి పెట్టాను. జేబు ఖాళీ.

బ్యాగు బోర్లించాను. కారంతా వెతికాను. లేదు. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లు పాతవి, వాటి చార్జర్ తప్ప ఇంకేదీ వాటికి పట్టదు. అలాంటి చార్జర్ ఉండగల మనిషి దగ్గర్లో ఒక్కరే. పక్క కాలనీలో, చెరువు గట్టుకి అవతల.

"చార్జర్ లేదండి నాకు! మీ ఇంట్లో ఉన్నదా?"

"వస్తన్నా" అన్నారు. టక్.

ఇరవై నిమిషాలు కిటికీ దగ్గరే నిలబడ్డాను. మా వీధి చివర ఒక పెద్ద కారు అప్పటికే జారి గుంటలో మూతి పెట్టి ఉంది, కాబట్టి ఆయన నడిచే రావాలి. వచ్చారు. మంకీ క్యాప్, న్యూయార్క్ కాలం నాటి కోటు. చేత్తో ఒక తాడు పట్టుకుని, తాడు చివర ఏదో నీలంది ఈడ్చుకొస్తున్నారు. దగ్గరికొచ్చాక తెలిసింది. అది బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె మూత. దాని మీద ఒక స్టీలు డబ్బా.

"చార్జర్ ఏదండి?"

"డబ్బాలో పెసరట్టు పిండమ్మా. అల్లం, పచ్చిమిర్చి కూడా వేసి రుబ్బించాను."

"చార్జర్!"

"నాది ఆఫీసులో ఉందిగా, సొరుగులో. నీకు తెలియదా?"

"మరి వస్తున్న అన్నరు?"

"వచ్చాను కదా."

అన్వి నా చెయ్యి కింద నుంచి దూరి బయటికొచ్చింది. "అంకుల్, ఇది మంచు మీద జారే స్లెడ్డా?"

"స్లెడ్డే. షాపులో దొరకదు. దీన్ని నేనే కనిపెట్టాను."

"ఆయనేం కనిపెట్టలే, అది డబ్బా మూత" అన్నాను. ఆ పొద్దున నేనన్న మాటల్లో ఎవరూ కాదనలేనిది అదొక్కటే. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన లోపలికొచ్చి, బూట్లు విప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా స్క్రీన్ వైపు చూశారు. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. "పదకొండు దాకా బతకదిది" అన్నారు, డాక్టరు చెప్పినట్టు.

"మీకు నవ్వులాటగా ఉన్నదా? నాకీ కాల్ ఎంత ముఖ్యమో మీకు తెలుసు. మీ కుర్చీ కోసమే కదా ఇదంతా!"

అలా బయటికి అనకూడని మాట అది. గుమ్మంలో అన్వి, చేతులకు వాళ్ల నాన్న సాక్సులతో, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. దాని వెనక చూరు నుంచి అప్పుడే ఒక్కొక్క చుక్కా కారడం మొదలైంది.

ఆయన తన ఫోన్ తీసి స్పీకర్ మీద పెట్టి నంబరు నొక్కారు. నేను వద్దనేలోపే క్లయింట్ వైపు పెద్దావిడ ఎత్తింది. ఆయన ఇంగ్లిష్ కూడా తెనాలి ఇంగ్లిషే.

"మేడమ్, మాకు మంచు పడింది."

"అయ్యో. ఎంత?"

"మూడంగుళాలు."

అవతల నవ్వు. ఒకసారి ఆగి, మళ్లీ నవ్వు. శీతాకాలమంతా మంచులోనే ఉండే మినియాపొలిస్‌లో మూడంగుళాలకు మనుషులు టోపీ కూడా పెట్టుకోరు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయన ఆ నవ్వంతా ఓపిగ్గా విని, అది అయ్యాక చెప్పారు. "మీకు రిపోర్టు చూపించాల్సిన అమ్మాయి దగ్గర చార్జర్ లేదు, రోడ్లు లేవు. రిపోర్టు చాలా బాగుంది, నేను చూశాను. అది శుక్రవారం కూడా బాగుంటుంది. ఇక్కడ ఆ అమ్మాయి కూతురు, ఏడేళ్ల పిల్ల ఉంది. మంచు చూడటం దీనికి ఇదే మొదలు. ఇది మాత్రం శుక్రవారానికి ఉండదు."

ఆవిడ, "మరి ఆ తల్లి ఇంకా ఇంట్లో ఎందుకుంది?" అంది.

అంతే. ఆరునెలల నా పట్టుదలను నన్నొక మాటైనా అడగకుండా శుక్రవారానికి జరిపేశారు. నా ఫిర్యాదుల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. ఇప్పటికీ అంతే.

మా కాలనీల మధ్య వాన నీటి చెరువు ఒకటుంది. దాని గట్టు కొంచెం ఏటవాలు. వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఈ ఊళ్లో స్లెడ్ ఎవరికుంటుంది? ఒకరు కుకీలు కాల్చే రేకు తెచ్చారు, ఒకరు ఉతికే బట్టల బుట్ట, ఇంకొకరు వేసవిలో పిల్లలు నీళ్లాడుకునే ప్లాస్టిక్ తొట్టి. అట్టముక్కల మీద జారేవాళ్లు, అట్ట పోయాక ఒట్టి కోటు మీద జారేవాళ్లు. రోజూ కార్లలో తల ఊపి వెళ్లిపోయే మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ కేకలు వేస్తున్నారు. నాలుగేళ్లుగా పక్కింట్లో ఉన్నావిడ గొంతు నేను మొదటిసారి విన్నది అక్కడే. "మూత మీద ముందుకు వంగకు!" అని అరిచింది.

అన్వి మూత మీద కూర్చుంది. ఆయన దాని భుజాలు పట్టుకుని, "వెనక్కి వాలు. కాళ్లు పైకి. భయమేస్తే నవ్వు, సరిపోద్ది" అని వదిలారు. అది కిందిదాకా ఒకే గీతలో జారి, గట్టు కింద బోర్లాపడి, లేచి, నోటినిండా మంచుతో మావైపు చూసింది. అప్పుడు అరిచింది, పొద్దున దాచుకున్నదంతా కలిపి. "అగైన్!"

పదోసారో పన్నెండోసారో అయ్యాక ఆయన నావైపు తిరిగారు. "సీనియర్ అమ్మాయ్, భయమా?"

"భయమా నాకా? మాకు గుట్టలుంటయి మా ఊళ్లె."

"మంచు గుట్టలా?"

కూర్చున్నాను. ఆయన తోశారు. చెప్పకుండా తోశారు, అది కూడా రాసిపెట్టుకోండి. గాలి చెవుల్లో దూరింది, కళ్ల ముందు చెరువు పెద్దదవుతూ వచ్చింది, "అవ్వో!" అని నేను వేసిన కేక మా అమ్మమ్మ కేక. అది నా గొంతులో ఉందని అప్పటిదాకా తెలియదు. కింద పడ్డాక వెల్లకిలా అలాగే ఉండిపోయాను. ఆకాశం నీలంగా ఉంది. అన్వి వచ్చి నా మీద పడింది. ఇద్దరం ఎంతసేపు నవ్వామో తెలియదు. పదకొండు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

చివరికి ఆయన కూర్చున్నారు. రిటైరవబోతున్న మనిషి, మంకీ క్యాప్‌తో, ఆ నీలం మూత మీద బాసింపట్టు వేసుకుని, పెళ్లి పల్లకీలో ఉన్నట్టు నిటారుగా. అన్వి తోసింది. సగం దూరం తిన్నగా వెళ్లి, మూత గిర్రున తిరిగి, ఆయన మావైపు ముఖం పెట్టి వెనక్కి జారసాగారు. భయపడాల్సిన మనిషి చెయ్యెత్తి ఊరేగింపులో లాగా గట్టు మీదున్న మా అందరికీ అటూ ఇటూ ఊపారు. గట్టంతా చప్పట్లు. ఆయన అలా చెయ్యి ఊపుతూనే కిందికి, ఇంకా కిందికి వెళ్లి, పొదలో ఆగారు. పొదలోంచి చెయ్యి మాత్రం ఇంకా ఊగుతోంది.

ఒంటిగంటకు గట్టు మీద పచ్చగడ్డి బయటపడింది. ఇంటికొచ్చి పెసరట్లు వేశాను. తడిసిన సాక్సులు హీటర్ ముందు ఆరుతుంటే ముగ్గురం వంటింట్లోనే నిలబడి తిన్నాం. "బాగా కాల్చావమ్మా" అన్నారు. ఆగుతారేమో అనుకున్నాను. "సర్వపిండి కన్నా చాలా నయం" అన్నారు. అన్వి ఒక మంచుముద్ద చేసి ఫ్రీజర్‌లో కరివేపాకు పక్కన పెట్టింది. మూడింటికల్లా వీధిలో మిగిలిన మంచు అదొక్కటే.

శుక్రవారం ఆఫీసుకి వెళ్లేసరికి చార్జర్ నా డెస్కు మీద, కీబోర్డు వెనక, తీగ చక్కగా చుట్టి ఉంది.

"మీరే తీసిన్రు కదా?"

"నీ చార్జర్ నాకెందుకమ్మా? ఇక్కడే ఉందిగా. సరిగా వెతకలేదేమో."

కాల్ మొదలైంది. పైవాళ్లంతా ఉన్నారు. నేను మొదటి స్లైడ్ తెరిచాను. మినియాపొలిస్ ఆవిడ, "ఒక్క నిమిషం, ముందు ఇది చెప్పండి, పాప ఎన్నిసార్లు జారింది?" అంది. ఆరునెలలు కష్టపడిన నా రిపోర్టు మీద వచ్చిన మొదటి ప్రశ్న ఇది. రిపోర్టు వాళ్లకు నచ్చిందిలెండి. జూన్‌లో ఆయన కుర్చీ నాకే వచ్చింది. దానికి ఒక చక్రం తిరగదు. ఆయన ఇన్నేళ్లూ చెప్పలేదు.

రిటైరయ్యాక కూడా ఆరింటి ఫోన్లు ఆగలేదు. కాకపోతే ఆ తర్వాత మా ఊళ్లో సరైన మంచు పడలేదు. మూడు శీతాకాలాలూ "పడలేదు", "పడలేదు" అనే విన్నాను. ఫోన్ ఎత్తగానే "తెలుసండి" అనడం నేర్చుకున్నాను. "తెలిస్తే మరి ఎందుకెత్తావు?" అనేవారు. టక్.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. అంతా అయ్యాక ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. గ్యారేజీలో పార అలాగే ఉంది. వాళ్లావిడ టీ ఇచ్చారు. అడగకూడదని తెలుసు, అయినా అడిగాను. నాలుగేళ్లుగా తేలని కేసు, ఇక ఎవరిని అడగాలి?

"అత్తయ్యగారూ, ఆ రోజు నా చార్జర్ ఆయనే తీసిన్రా? మీకేమన్న చెప్పిన్రా?"

"చార్జర్ సంగతి నాకు తెలియదమ్మా. కానీ ముందురోజు సాయంత్రం నాలుగు గ్లాసుల పెసలు నానబెట్టమన్నారు. మనిద్దరికీ ఒక్క గ్లాసే ఎక్కువ కదండీ, అంటే, పొద్దున్నే ఒక చిన్నపిల్లకి మంచు చూపించాలి, వాళ్లమ్మ కూడా ఉంటుంది అన్నారు."

ముందురోజు సాయంత్రం! నాకు మంచు పడుతుందో లేదో తెలియనప్పుడు, చార్జర్ పోయిందని నాకే తెలియనప్పుడు, ఆ ఇంట్లో మా వంతు పెసలు నానుతున్నాయి. సాక్ష్యం దొరికింది. కేసు నేనే గెలిచాను. గెలిచిన సంగతి చెప్పడానికి మాత్రం అవతలి పక్షం లేదు. టీ కప్పు పట్టుకుని నవ్వాను, ఆవిడా నవ్వారు, తర్వాత ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

అందుకే మొన్న ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను ఏం చేశానో చెప్పి ముగిస్తాను. పార్కింగ్‌లోకి వెళ్లి గాలి పీల్చాను. నాకేమీ తెలియలేదు, చలి తప్ప. లోపలికొచ్చి ల్యాప్‌టాప్ సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి పెన్నుల గ్లాసులో వేశాను. టంగుమంది. టీమ్ అంతా తలెత్తి చూసింది. ఇంటికొచ్చి, కరీంనగర్ మనిషినై ఉండి కూడా, నాలుగు గ్లాసుల పెసలు నానబెట్టాను. మేము ముగ్గురమే. అయినా అన్నే పోశాను.

పొద్దున ఎవరో భుజం పట్టి ఊపారు. కళ్లు తెరిచాను. అన్వి. పదకొండేళ్లిప్పుడు. ఈ మధ్య నాతో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడమంటే నాలుగుసార్లు నిట్టూర్చే పిల్ల. చేతులకు వాళ్ల నాన్న సాక్సులు. నా చెవి దగ్గర నోరు పెట్టి ఒకే ఒక్క మాట, టక్కున పెట్టేసినట్టు అంది.

"పడింది."

టైం చూశాను. ఆరున్నర. ఆయనైతే ఆరింటికే లేపేవారు. ఆ అరగంట మంచు మాకు లేకుండా పోయింది. ఇది కూడా నేను మర్చిపోను.